మెదడుకు పాకిన క్యాన్సర్: ఆపరేషనా, గడ్డకు మాత్రమే కరెంటా, తలంతా కరెంటా?

ఆస్పత్రి వరండాలో కిటికీ అద్దానికి పెద్దమ్మ ఎమ్మారై ఫిల్మును ఆనించి పట్టుకున్నాడు అన్నయ్య. మెదడులో మూడు తెల్లటి మచ్చలు. ఒకటి కందిగింజంత, ఇంకొకటి శనగగింజంత, ఎడమవైపున్న మూడోది రేగిపండంత. దాని చుట్టూ వాపు. నాలుగేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, కీమో అయింది, ఇక పోయిందనుకున్నాం. లోపల డాక్టరు గారు మాతో మాట్లాడింది అయిదు నిమిషాలు. "తలంతా కరెంటు పెట్టాలి, పది సిట్టింగులు. సోమవారం మొదలుపెడదాం" అన్నారు. కరెంటంటే రేడియేషన్. వేరే దారి ఉందా అని మేం అడగలేదు. అడగొచ్చని మాకు తెలియదు.

పెద్దమ్మ మాత్రం ఒకటి అడిగింది. ఆవిడ మా వీధిలో ఇరవై మందితో చీటీ నడుపుతుంది. పుస్తకం ఉంది గానీ అది మా తృప్తి కోసం. ఎవరు ఎన్ని నెలలు కట్టారు, ఎవరు పాడుకున్నారు, ఎవరు బాకీ అన్నది అంతా ఆవిడ నోటి మీదే. "నాకు లెక్క గుర్తుంటుందా బాబూ?" అంది. "ముందు ప్రాణం సంగతి చూద్దామమ్మా" అన్నారాయన. చెడ్డ మాటేమీ కాదు. కానీ పెద్దమ్మ ప్రశ్నకు జవాబు ఉంది. వందల మంది రోగుల మీద ట్రయల్స్ చేసి అంకెల్లో తేల్చిన జవాబు అది. దాన్ని వెతుక్కుంటూ ఇంకో ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరిగాం. ఆ తిరుగుడులో నేర్చుకున్నది, తర్వాత చదివి తెలుసుకున్నది, ఇలాంటి ఫిల్ము చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ఇది మెదడులోనే పుట్టిన గ్లయోమా, మెనింజియోమా లాంటి గడ్డల గురించి కాదు. ఊపిరితిత్తి, రొమ్ము, కిడ్నీ, పేగు, చర్మపు మెలనోమా లాంటి చోట్ల పుట్టి మెదడుకు పాకిన గడ్డల గురించి. డాక్టర్లు వీటిని బ్రెయిన్ మెట్స్ అంటారు. స్మాల్ సెల్ అనే రకం ఊపిరితిత్తి క్యాన్సర్ దారి కొంచెం వేరు, దాన్ని ఇందులో కలపలేదు.

ముందు తేలాల్సినవి

ఏ దారైనా నాలుగు సంగతుల మీద ఆధారపడుతుంది: గడ్డలు ఎన్ని, ఎంత పెద్దవి, ఎక్కడున్నాయి, మిగతా ఒంట్లో క్యాన్సర్ ఎలా ఉంది. మొదటి మూడూ తెలియాలంటే సీటీ స్కాన్ చాలదు. చిన్నవి అందులో కనబడవు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ వేసి తీసిన ఎమ్మారై కావాలి. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండో డాక్టరు గారికి ఫిల్ము కన్నా సీడీయే పనికొస్తుంది.

మనిషి ఓపిక కూడా లెక్కలోకి వస్తుంది. దాన్ని కర్నోఫ్‌స్కీ స్కోరు అని 100కి కొలుస్తారు. ఉద్యోగం, బరువు పనులు చేయలేకపోయినా స్నానం, తిండి, బట్టలు తనే చూసుకోగలిగితే 70. చాలా ట్రయల్స్ 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నవాళ్లనే చేర్చుకున్నాయి. కాబట్టి మంచం పట్టిన మనిషికి ఆ అంకెలు ఉన్నవున్నట్టు వర్తించవు.

వాపుకి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటనే మొదలుపెడతారు. రెండు రోజుల్లో తలనొప్పి తగ్గి మనిషి లేచి కూర్చుంటే రోగమే తగ్గిందనుకుంటాం. తగ్గింది వాపు మాత్రమే. షుగర్ ఉన్నవాళ్లకి ఈ మాత్రతో షుగర్ బాగా ఎగబాకుతుంది, రోజూ చూసుకోవాలి. సాయంత్రం వేసుకుంటే రాత్రి నిద్ర పట్టదు. అన్నిటికన్నా ముఖ్యం, బాగుంది కదా అని మీరే ఆపేయకూడదు. మెల్లగా తగ్గిస్తూ రావాలి.

ఆపరేషన్ ఎవరికి?

గడ్డ ఒక్కటే ఉండి, తీయడానికి వీలైన చోట ఉంటే ఆపరేషన్‌కి గట్టి ఆధారం 1990లో వచ్చింది. అమెరికాలోని కెంటకీలో పాచెల్ బృందం ఒక్క గడ్డ ఉన్నవాళ్లను రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టుకు గడ్డ తీసి, ఆపైన తలంతా రేడియేషన్ ఇచ్చారు. రెండో జట్టుకు ముక్క తీసి పరీక్షించి రేడియేషన్ మాత్రం ఇచ్చారు. ఆపరేషన్ అయినవాళ్లలో సగం మంది 40 వారాలు దాటి బతికారు. కానివాళ్లలో సగం మంది 15 వారాలు మాత్రమే దాటారు. ఒకరి సాయం లేకుండా తమ పని తాము చేసుకున్న కాలం 38 వారాలు, 8 వారాలు. ఇద్దరికీ పెట్టింది ఒకే రేడియేషన్, తేడా అంతా ఆపరేషన్‌దే.

ఆ ట్రయల్‌లో నాకు ఇంకా పెద్దదిగా అనిపించిన సంగతి మరొకటి ఉంది. మెదడుకు క్యాన్సర్ పాకిందని స్కాన్ చూసి 54 మందిని చేర్చుకుంటే, ముక్క పరీక్షలో 6 మందికి అది పాకిన గడ్డే కాదని తేలింది. మన దగ్గర ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి. టీబీ గడ్డ, పంది బద్దెపురుగు వల్ల వచ్చే న్యూరోసిస్టిసర్కోసిస్ మన దేశంలో మామూలే. స్కాన్‌లో అవీ ఇలాగే చుట్టూ వాపుతో, ఉంగరంలా మెరుస్తూ కనిపించగలవు. వాటికి మందులు వేరే ఉన్నాయి. క్యాన్సర్ ఎప్పుడో నయమైన మనిషికి, ఒంట్లో ఇంకెక్కడా ఆనవాలు లేకుండా మెదడులో ఒకటే మచ్చ కనిపిస్తే "ఇది కచ్చితంగా అదేనా?" అని అడగండి. ఆ అనుమానం తీరడానికే ఆపరేషనో, ముక్క తీసి పరీక్షించే బయాప్సీయో అవసరం కావచ్చు.

గడ్డ 3 సెంటీమీటర్లు దాటినా, మెదడును పక్కకి నెట్టేస్తున్నా, వెనకవైపు చిన్నమెదడులో ఉండి మెదడులోని నీళ్లు పోయే దారిని మూసేస్తున్నా ఆపరేషన్ వైపే మొగ్గుతారు. రేడియేషన్ పనిచేయడానికి వారాలు పడుతుంది, కత్తి ఒత్తిడిని ఆ రోజే దించుతుంది. మాట, చెయ్యి కాలు కదలిక నడిపే చోట లోతుగా ఉంటే మాత్రం సర్జన్ వెనకాడతారు. అలా వెనకాడిన సర్జన్‌ను మనం నమ్మాలి.

గడ్డ తీసేశారు కదా అని అక్కడితో ఆగకూడదు. పాచెల్ బృందమే 1998లో 95 మందిలో చూసింది. ఆపరేషన్ చేసి వదిలేసినవాళ్లలో నూటికి 70 మందికి మెదడులో ఎక్కడో ఒకచోట మళ్లీ వచ్చింది. తర్వాత తలంతా రేడియేషన్ ఇచ్చినవాళ్లలో నూటికి 18 మందికే వచ్చింది. అయినా బతికిన కాలంలో తేడా రాలేదు. ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. ఇక మీద తలంతా పెట్టడాన్ని పోల్చిన చోట్ల అదే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

గడ్డకు మాత్రమే, లేక తలంతా?

ఎక్కువ కుటుంబాలు చిక్కుకునేది ఇక్కడే. రెండింటినీ మనవాళ్లు కరెంటు పెట్టడమనే అంటారు, అసలు తికమక అందులోనే ఉంది.

తలంతా పెట్టేదాన్ని హోల్ బ్రెయిన్ రేడియేషన్ అంటారు. సాధారణంగా 10 సిట్టింగుల్లో 30 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). కనిపించే గడ్డలకీ, స్కాన్‌కి అందనంత చిన్నవాటికీ, బాగున్న మెదడుకీ ఒకే మోతాదు పడుతుంది. గడ్డకు మాత్రమే పెట్టేది స్టీరియోటాక్టిక్ రేడియోసర్జరీ. స్వీడన్ సర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ఈ ఆలోచన చెప్పారు. గామా నైఫ్ కూడా ఆయన కట్టిందే. నైఫ్ అని పేరే గానీ కోత ఉండదు. ఇప్పటి గామా నైఫ్‌లో 192 కోబాల్ట్ మూలాల నుంచి సన్నని కిరణాలు వచ్చి గడ్డ దగ్గర కలుస్తాయి. ఒక్కో కిరణం దారిలో చేసే హాని తక్కువ, అన్నీ కలిసే చోట దెబ్బ ఎక్కువ. సైబర్ నైఫ్, లినాక్ మిషన్లతోనూ ఇదే పని చేస్తారు. ఏ మిషన్ గొప్పదని వాకబు చేస్తూ మేం రెండు వారాలు పాడుచేసుకున్నాం. మిషన్ పేరు కన్నా ఈ పని నెలకు ఎన్నిసార్లు చేస్తున్నారన్నదే అడగాల్సింది.

గడ్డ సైజు పెరిగేకొద్దీ మోతాదు తగ్గించాలి, లేకపోతే పక్కనున్న మెదడు దెబ్బతింటుంది. ఒక్క సిట్టింగులో ఇచ్చేటప్పుడు 2 సెం.మీ. లోపు గడ్డకు 24 గ్రేల దాకా, 2 నుంచి 3 సెం.మీ. అయితే 18, 3 నుంచి 4 అయితే 15 అని అమెరికా ట్రయల్ ఒకటి హద్దులు పెట్టింది. ఇప్పటికీ వాటినే చూస్తారు. అందుకే చిన్న గడ్డలు దీనికి బాగా లొంగుతాయి, పెద్దవాటికి మూడు నుంచి అయిదు సిట్టింగులుగా విడగొడతారు.

ఇక పెద్దమ్మ ప్రశ్న. రెండో ఆస్పత్రిలో ఒకమ్మాయి పెద్దమ్మ ఎదురుగా కూర్చుని పన్నెండు మాటలు నెమ్మదిగా చదివింది. మేక, ఉంగరం, గుడిసె, ఇలా. "గుర్తున్నవి చెప్పండమ్మా" అంది. మళ్లీ చదివింది, మళ్లీ అడిగింది, మూడు సార్లు. తర్వాత వేరే కబుర్లలో పెట్టి, ఇరవై నిమిషాలయ్యాక "ఇందాకటి మాటలు ఎన్ని గుర్తున్నాయి?" అంది. పెద్దమ్మ పది చెప్పింది. జ్ఞాపకశక్తిని ట్రయల్స్‌లో కొలిచేది ఇలాంటి పరీక్షలతోనే.

2009లో ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రి చేసిన ట్రయల్‌లో ఒకటి నుంచి మూడు గడ్డలున్న 58 మందికి ఈ తరహా పరీక్ష పెట్టారు. రేడియోసర్జరీ ఒక్కటే అయినవాళ్లలో నాలుగు నెలలకు మాటలు గుర్తు తగ్గే అవకాశం 24 శాతమని, దానికి తలంతా రేడియేషన్ కలిపినవాళ్లలో 52 శాతమని తేలింది. తేడా అంత స్పష్టంగా ఉందని ట్రయల్‌ను ముందే ఆపేశారు. 2016లో పాల్ బ్రౌన్ బృందం 213 మందితో ఇంకా పెద్దగా చేసింది. పలు రకాల పరీక్షల్లో ఏ ఒక్కదానిలోనైనా చెప్పుకోదగ్గంత తగ్గినవాళ్లు మూడు నెలలకు రేడియోసర్జరీ ఒక్కటే అయితే 63.5 శాతం, తలంతా కలిపితే 91.7 శాతం. బతికిన కాలం? రేడియోసర్జరీ ఒక్కటే అయినవాళ్లలో సగం మంది 10.4 నెలలు దాటారు, రెండూ అయినవాళ్లలో సగం మంది 7.4 నెలలు దాటారు. గణాంకాల లెక్కన అది తేడా కిందికి రాదు. తలంతా పెడితే ఆయుష్షు పెరగలేదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

రెండో వైపు కూడా చెప్పాలి. ఏడాది నాటికి మెదడులో మళ్లీ ఏదీ తలెత్తకుండా ఉన్నవాళ్లు తలంతా కలిపినప్పుడు దాదాపు 85 శాతం, గడ్డలకు మాత్రమే పెట్టినప్పుడు సగం మంది. అంటే గడ్డలకే పెట్టించుకుంటే కొత్తవి వస్తాయని ముందే మనసు సిద్ధం చేసుకోవాలి. రెండు మూడు నెలలకోసారి ఎమ్మారై తప్పదు. కొత్తది చిన్నగా ఉండగానే దొరికితే దానికి మళ్లీ పెట్టొచ్చు. స్కాన్‌కి రాకుండా ఇంట్లో కూర్చుంటే ఈ దారికున్న లాభమంతా పోతుంది.

ఆపరేషన్ అయినవాళ్లకూ ఇప్పుడు ఇదే తూకం. 2017లో రెండు ట్రయల్స్ ఒకేసారి వచ్చాయి. ఒకదాంట్లో గడ్డ తీసిన గుంతకి రేడియోసర్జరీ ఇస్తే ఏడాదికి 72 శాతం మందికి అక్కడ మళ్లీ రాలేదు, ఊరికే చూస్తూ ఉంటే 43 శాతానికే రాలేదు. రెండోదాంట్లో 194 మందికి గుంతకి మాత్రమే పెట్టడాన్నీ తలంతా పెట్టడాన్నీ పోల్చారు. ఆరు నెలలకు జ్ఞాపకం, ఆలోచన తగ్గినవాళ్లు 52 శాతం, 85 శాతం. బతికిన కాలం 12.2 నెలలు, 11.6 నెలలు. తీసిన చోట మళ్లీ రాకుండా ఆపడంలో మాత్రం తలంతా పెట్టిందే మెరుగు.

నా అభిప్రాయం దాచుకోను. గడ్డలు ఒకటి నుంచి నాలుగు దాకా, చిన్నవిగా ఉండి, మనిషి నడుస్తూ తిరుగుతూ, స్కాన్లకు రాగలిగితే ముందు గడ్డలకు మాత్రమే పెట్టించుకోవడమే సరైనది. అలాంటి మనిషికి తలంతా పెట్టాలని ఎవరైనా అంటే కారణం చెప్పమని అడగడం మన హక్కు. కారణం ఉండొచ్చు కూడా. మెదడు పొరల్లోకి పాకినప్పుడు, లెక్కపెట్టలేనన్ని గడ్డలున్నప్పుడు తలంతా పెట్టడమే తగినది.

అలా పెట్టాల్సి వస్తే ఇంకొకటి అడగండి. జ్ఞాపకాలకు పట్టుకొమ్మ లాంటి హిప్పోకాంపస్ అనే చిన్న భాగాన్ని రెండువైపులా తప్పించి పెట్టే పద్ధతి ఉంది. దాంతో పాటు అల్జీమర్స్‌కి వాడే మెమాంటిన్ మాత్ర ఇస్తారు. 518 మంది మీద చేసి 2020లో వెలువరించిన ట్రయల్‌లో, మెమాంటిన్ రెండు జట్లకీ ఇచ్చినా, హిప్పోకాంపస్ తప్పించినవాళ్లలో జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినడం తక్కువ. గడ్డ ఆ భాగాన్ని ఆనుకుని ఉంటే ఇది కుదరదు. మొదటి ఆస్పత్రిలో మాకు చెప్పిన పది సిట్టింగుల్లో ఈ మాట రాలేదు.

ఎన్నయితే ఎక్కువ?

నాలుగు దాటితే తలంతా పెట్టాల్సిందేనని చాలాకాలం అనుకున్నారు. జపాన్‌లో 23 చోట్ల 1,194 మందికి గామా నైఫ్ ఒక్కటే ఇచ్చి చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. రెండు నుంచి నాలుగు గడ్డలున్నవాళ్లలో సగం మంది 10.8 నెలలు దాటారు. అయిదు నుంచి పది ఉన్నవాళ్లలోనూ అంతే, 10.8. ఒక్కటే ఉన్నవాళ్లకు 13.9. అయితే ఆ అధ్యయనంలో ఏ గడ్డా 3 సెం.మీ. దాటలేదు, అన్నీ కలిపినా 15 మిల్లీలీటర్లకు, అంటే మూడు టీస్పూన్లకు మించలేదు. ఇది లాటరీ వేసినట్టు ఎవరు ఏ జట్టో తేల్చి చేసిన ట్రయల్ కాదని కూడా గుర్తుంచుకోవాలి. అయినా ఆరు గడ్డలని రాసి ఉన్న రిపోర్టు చూసి వెంటనే ఆశ వదులుకోనక్కర్లేదు.

మాత్రలకు లొంగే రకాలు

రొమ్ము క్యాన్సర్‌లో హెర్2, ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యు మార్పులుంటే మెదడులోకి కూడా చేరే మందులు ఇప్పుడున్నాయి. ఊపిరితిత్తికి ఓసిమెర్టినిబ్, అలెక్టినిబ్ అలాంటివి. హెర్2 రకంలో టుకాటినిబ్ కలిపి ఇచ్చిన ట్రయల్‌లో, మెదడుకు పాకినవాళ్లలో సగం మంది 18.1 నెలలు దాటారు. అది కలపని జట్టులో 12 నెలలు. చిన్న గడ్డలుండి లక్షణాలేమీ లేనివాళ్లకు ముందు మందు మొదలుపెట్టి, రేడియేషన్ వెనక్కి జరపొచ్చా అని అడగదగ్గ ప్రశ్నే. పాత బయాప్సీ రిపోర్టు వెతికి తీసుకెళ్లండి. దానిలో ఈ పరీక్షలు లేకపోతే ఎందుకు లేవో అడగండి.

ఏదీ పెట్టకపోవడం

ఇది అడగడానికి నోరు రాదు, కానీ అడగాల్సిన సందర్భాలున్నాయి. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఊపిరితిత్తి క్యాన్సర్ మెదడుకు పాకి, ఆపరేషన్‌కీ రేడియోసర్జరీకీ తగని 538 మందితో క్వార్ట్జ్ అనే ట్రయల్ జరిగింది. సగం మందికి స్టెరాయిడ్, సేవలు. మిగతా సగానికి వాటితో పాటు తలంతా రేడియేషన్. 2016లో వచ్చిన జవాబు: రేడియేషన్ జట్టులో సగం మంది 9.2 వారాలు దాటి బతికారు, లేని జట్టులో 8.5 వారాలు. జీవన నాణ్యతలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. 60 లోపు వయసువాళ్లకు కొంత మేలు ఉన్నట్టు కనిపించింది. మంచం మీదున్న పెద్దాయన్ని పది రోజులు అంబులెన్సులో తిప్పడమా, ఇంట్లో నొప్పి లేకుండా చూసుకోవడమా అని తేల్చుకునే ఇంటికి ఈ అంకె చాలా పెద్దది. ఇలా బాధ తగ్గించి చూసుకోవడాన్నే పాలియేటివ్ కేర్ అంటారు, అంటే చేతులెత్తేయడం కాదు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలాంటి చోట దానికి విభాగమే ఉంది.

ఊరు, డబ్బు

పది సిట్టింగులంటే సెలవులు కలిపి రెండు వారాలు పట్నంలో గది. రేడియోసర్జరీ ఒకటి నుంచి అయిదు రోజుల్లో అయిపోతుంది, కానీ ఆపైన ఏడాదికి నాలుగు నుంచి ఆరు ఎమ్మారైలు. మొదటి ఖర్చు చూసి ఊరుకుంటే లెక్క తప్పుతుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర విడివిడిగా అడగండి: రేడియోసర్జరీకి వర్తిస్తుందా, తర్వాతి స్కాన్లకు వర్తిస్తుందా, రెండోసారి గడ్డ వస్తే మళ్లీ వర్తిస్తుందా. ఏ ఆస్పత్రిలో అయినా న్యూరోసర్జన్, రేడియేషన్ డాక్టరు, మందుల ఆంకాలజిస్టు ముగ్గురూ కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డు ఉందా అని కూడా అడగండి. ఒక్కరినే అడిగితే తమ చేతిలో ఉన్న వైద్యమే ముందు చెబుతారు, అది మానవ సహజం.

పెద్దమ్మకు మూడు గడ్డలకూ ఒకే రోజు రేడియోసర్జరీ చేశారు. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడలాంటి దాన్ని ముఖం మీద పరిచి లాగి పట్టుకున్నారు. నిమిషాల్లో ఆవిడ ముక్కు, గడ్డం ఆకారంలో గట్టిపడింది. "అట్ల మీద మూత పెట్టినట్టుంది" అంది లేచి. అయిదు నెలలకు కుడివైపు కొత్తది మినపగింజంత కనిపించింది, దానికీ పెట్టారు. ఏడో నెల స్కాన్‌లో పాత రేగిపండు చోట మచ్చ పెద్దదైంది. మాకు చెమటలు పట్టాయి. అది గడ్డ తిరిగి పెరగడమో, రేడియేషన్‌కి చచ్చిన కణజాలం ఉబ్బడమో ఒక్క స్కాన్‌తో చెప్పలేమన్నారు. రేడియోసర్జరీకున్న అసలు చిక్కు ఇదే, దీన్ని రేడియేషన్ నెక్రోసిస్ అంటారు. స్టెరాయిడ్ ఇచ్చి ఆరు వారాలు ఆగి మళ్లీ తీస్తే తగ్గింది.

వచ్చే ఎమ్మారైకి అయిదో తారీకు ఇచ్చారు. అది చీటీ పాట రోజు. ఆరో తారీకుకి మార్పించమని పెద్దమ్మ అన్నయ్యకు ఫోన్ చేసింది. ఆ నెల ఇద్దరు పాట పెంచుతారనీ, వాళ్లలో ఒకరికి రెండు వాయిదాలు బాకీ ఉన్నాయనీ, తను లేకపోతే కుదరదనీ చెప్పింది.